జార్జ్ ఎం. కోహన్: బ్రాడ్‌వే తొలినాళ్ల మ్యూజికల్ కామెడీ రచయిత

జార్జ్ మైకేల్ కోహన్ (1878–1942) అమెరికా నాటక రచయిత, పాటల రచయిత, సంగీతకర్త, నటుడు, నర్తకుడు, దర్శకుడు, నిర్మాత. 20వ శతాబ్దం తొలి రెండు దశకాల్లో న్యూయార్క్ నగరపు బ్రాడ్‌వే నాటకశాలల్లో మ్యూజికల్ కామెడీకి అమెరికన్ వీధి భాషనూ, పరుగు లాంటి నడకనూ అలవాటు చేసినవాళ్లలో అతనే ప్రముఖుడు. కథ, మాటలు, పాటలు, బాణీలు, నృత్యం, దర్శకత్వం, పెట్టుబడి అన్నీ ఒక్కచేతి మీదుగా నడిపించడం అతని ప్రత్యేకత. ఆ ఒంటిచేతి పద్ధతే అతన్ని పాతికేళ్లు నిలబెట్టింది. నాటకరంగం సంఘాలుగా, బృందాలుగా పనిచేయడం మొదలుపెట్టాక అతన్ని ఒంటరిని చేసిందీ అదే.

మ్యూజికల్ కామెడీ: నిర్వచనం, పూర్వరంగం

మ్యూజికల్ కామెడీ అంటే మాటలతో నడిచే హాస్యకథ. మధ్యమధ్య పాటలు, నృత్యాలు వస్తాయి. ఆపెరాలో మొదటి నుంచి చివరి దాకా గానమే ప్రధానం. ఆపెరెట్టాలో సంభాషణలు ఉన్నా కథ ఎక్కువగా యూరప్ రాకుమారుల చుట్టూ, సైనికాధికారుల చుట్టూ తిరుగుతుంది. పాడేవాళ్లకు శాస్త్రీయ శిక్షణ తప్పనిసరి. మ్యూజికల్ కామెడీకి అవేవీ అక్కర్లేదు. ప్రేక్షకుడు ఉదయం రైల్లో చూసిన మనుషులే సాయంత్రం వేదిక మీద కనిపించవచ్చు.

అమెరికాలో ఈ రూపం ఒక్కరోజులో పుట్టలేదు. 1866లో న్యూయార్క్‌లో ఆడిన ‘ది బ్లాక్ క్రూక్’ను చాలామంది చరిత్రకారులు తొలి మైలురాయిగా చెబుతారు. అయితే అందులో కథ కన్నా బ్యాలే నర్తకీమణుల హంగామాయే ఎక్కువ. 1870, 1880 దశకాల్లో ఎడ్వర్డ్ హ్యారిగన్, టోనీ హార్ట్ జంట న్యూయార్క్ పేటల్లోని ఐరిష్, జర్మన్, నల్లజాతి కుటుంబాల గొడవలతో హాస్య నాటకాలు ఆడింది. 1891లో చార్లెస్ హోయ్ట్ రాసిన ‘ఎ ట్రిప్ టు చైనాటౌన్’ 657 ప్రదర్శనలతో ఆనాటికి రికార్డు సృష్టించింది. లండన్‌లో జార్జ్ ఎడ్వర్డ్స్ గెయిటీ థియేటర్‌లో నిర్మించిన నాటకాలు 1890లలో అట్లాంటిక్ దాటి వచ్చాయి. 1900 నాటికి బ్రాడ్‌వేలో మర్యాదగల సంగీత నాటకమంటే లండన్ సరుకో, వియన్నా సరుకో అన్న అభిప్రాయం స్థిరపడి ఉంది.

కోహన్ ఆ దారిలో రాలేదు. అతను వచ్చింది వాడెవిల్ నుంచి. పాట, నృత్యం, గారడీ, కసరత్తు, హాస్య సన్నివేశం, ఇలా ఒకదానితో ఒకటి సంబంధంలేని అంశాలను వరసగా చూపే వినోద ప్రదర్శన అది. ఒక్కో అంశానికి పది పదిహేను నిమిషాలకు మించి సమయం దొరకదు. ఆ కాస్త వ్యవధిలో జనాన్ని పట్టుకోలేని కళాకారుడికి మరుసటి వారం పని ఉండదు.

బాల్యం, కుటుంబ బృందం

కోహన్ 1878 జూలైలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో పుట్టాడు. తండ్రి జెరమయా (జెర్రీ), తల్లి హెలెన్ (నెల్లీ), ఇద్దరూ ఐరిష్ కాథలిక్ కుటుంబాలవారు. ఇద్దరూ వాడెవిల్ కళాకారులే. అక్క జోసెఫీన్ (జోసీ) మంచి నర్తకి. పుట్టిన తేదీ విషయంలో ఒక చిక్కు ఉంది. బాప్తిస్మ పత్రంలో జూలై 3 అని ఉంటే, కుటుంబం మాత్రం అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4 అని చెప్పుకొంది. జెండా పాటలతో పేరు తెచ్చుకోబోయే మనిషికి ఒక్కరోజు తేడాలో ఎంత ప్రచార విలువ ఉందో ఆ కుటుంబానికి బాగానే తెలుసు.

క్రమబద్ధమైన చదువు అతనికి దాదాపు లేదు. రైళ్లు, చవక లాడ్జీలు, నాటకశాలల వెనక గదులు, వీటి మధ్యే పెరిగాడు. మొదట వయొలిన్ వాయించాడు, తర్వాత నృత్యం పట్టుకున్నాడు. 1891 ప్రాంతంలో ‘పెక్స్ బ్యాడ్ బాయ్’ నాటకంలో అల్లరి పిల్లవాడి ప్రధాన పాత్ర వేశాడు. వేసవిలో నాటకశాలలు మూతపడినప్పుడు కుటుంబం మసాచుసెట్స్‌లోని నార్త్ బ్రూక్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో బంధువుల ఇంట్లో గడిపేది. అతనికి సొంత ఊరు అనదగ్గది ఏదైనా ఉంటే అదే. 1908 నాటి ‘ఫిఫ్టీ మైల్స్ ఫ్రమ్ బోస్టన్’ నాటకానికి ఆ ఊరినే నేపథ్యంగా తీసుకున్నాడు.

తల్లి, తండ్రి, కొడుకు, కూతురు కలిసి ‘ది ఫోర్ కోహన్స్’ పేరుతో 1890లలో దేశమంతా తిరిగారు. పదిహేనేళ్లు దాటేసరికే జార్జ్ ఆ బృందానికి సన్నివేశాలు, పాటలు రాసేవాడు. ఇరవై నిండేలోగా ఒప్పందాల బేరాలు కూడా తనే చూసుకునే స్థితికి వచ్చాడు. ప్రదర్శన అయ్యాక తెరముందుకు వచ్చి తల్లి, తండ్రి, అక్క, తను వరసగా ప్రేక్షకులకు కృతజ్ఞతలు చెబుతున్నామంటూ అతను చేసే చిన్న ప్రసంగం ఆ బృందానికి ముద్రగా మారింది. పొగరుబోతు అన్న పేరు కూడా ఈ రోజుల్లోనే వచ్చింది. నాటకశాల యజమానులతో, వాద్య బృందాలతో, కార్యక్రమంలో తమ వంతు ఎప్పుడు రావాలన్న విషయంలో అతను పెట్టుకున్న తగాదాలకు లెక్కలేదు.

1899లో వాడెవిల్ గాయని ఎథెల్ లెవీని పెళ్లాడాడు. వారికి జార్జెట్ అనే కూతురు. 1907లో విడాకులయ్యాక, అదే ఏడాది తన నాటకంలో కోరస్ నర్తకిగా పనిచేసిన ఆగ్నెస్ నోలన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఈ వివాహంలో మేరీ, హెలెన్, జార్జ్ జూనియర్ పుట్టారు. జోసీ పెళ్లాడిన ఫ్రెడ్ నిబ్లో తర్వాతి కాలంలో హాలీవుడ్ దర్శకుడై, 1925లో మూకీ ‘బెన్‌హర్’ తీశాడు.

తొలి ప్రయత్నాలు (1901–1903)

వాడెవిల్‌లో ఎంత సంపాదించినా బ్రాడ్‌వే నాటకశాలలో పూర్తి నిడివి నాటకం ఆడితేనే గౌరవం. అందుకని కోహన్ తమ కుటుంబ బృందం ఆడే పొట్టి హాస్య సన్నివేశాలను సాగదీసి మూడంకాల నాటకాలు చేశాడు. 1901 ఫిబ్రవరిలో ‘ది గవర్నర్స్ సన్’ సవాయ్ థియేటర్‌లో మొదలై 32 ప్రదర్శనలకే ముగిసింది. 1903లో ‘రన్నింగ్ ఫర్ ఆఫీస్’ కూడా న్యూయార్క్‌లో పెద్దగా ఆడలేదు. రెండూ ఇతర ఊళ్లలో డబ్బు తెచ్చాయి. పది నిమిషాల సన్నివేశానికి సరిపడే కథను రెండున్నర గంటలు లాగితే పలచబడుతుందని ఈ రెండు నాటకాలూ అతనికి నేర్పాయి.

లిటిల్ జానీ జోన్స్ (1904)

1904లో కోహన్‌కు శామ్ హెచ్. హ్యారిస్ భాగస్వామిగా దొరికాడు. హ్యారిస్ అంతకుముందు బాక్సింగ్ ఛాంపియన్ టెర్రీ మెక్‌గవర్న్‌కు మేనేజరు. నెమ్మదస్థుడు, లెక్క తప్పని మనిషి. తర్వాత ఆగ్నెస్ సోదరి ఆలిస్‌ను పెళ్లాడటంతో ఇద్దరూ తోడల్లుళ్లు కూడా అయ్యారు. వీళ్లిద్దరి తొలి నిర్మాణమే ‘లిటిల్ జానీ జోన్స్’. 1904 నవంబరు 7న లిబర్టీ థియేటర్‌లో తెర లేచింది.

ఈ కథకు నిజజీవితంలో ఒక ఆధారం ఉంది. టాడ్ స్లోన్ అనే అమెరికన్ జాకీ 1890ల చివర్లో ఇంగ్లండ్ వెళ్లి, గుర్రం మెడ మీదకు వంగి స్వారీ చేసే తన పద్ధతితో పందేలు గెలిచాడు. తర్వాత పందేలు కాశాడన్న ఆరోపణతో అక్కడి జాకీ క్లబ్ అతనికి లైసెన్సు నిరాకరించింది. కోహన్ నాటకంలో జానీ జోన్స్ అనే అమెరికన్ జాకీ ‘యాంకీ డూడుల్’ అనే గుర్రంతో ఇంగ్లిష్ డెర్బీలో దిగుతాడు. ఓడిపోతాడు. డబ్బుకు అమ్ముడుపోయి కావాలనే ఓడాడని ప్రతినాయకుడు పుకారు లేపుతాడు.

రెండో అంకం చివర సౌతాంప్టన్ ఓడరేవు. మిత్రులంతా అమెరికాకు ఓడెక్కారు. మచ్చపడిన పేరుతో ఇంటికి పోలేక జానీ రేవులోనే ఉండిపోతాడు. ఓడలో ఉన్న డిటెక్టివ్‌కు అతని నిర్దోషిత్వానికి ఆధారం దొరికితే ఆకాశంలోకి రాకెట్టు వదలాలన్నది ఒప్పందం. చీకట్లో ఓడ దూరమవుతుంది. రాకెట్టు వెలుగుతుంది. అంతదాకా నిలబడి పాడుతున్న మనిషి అక్కడి నుంచి ఎగిరి గంతేస్తూ నృత్యం అందుకుంటాడు. ‘గివ్ మై రిగార్డ్స్ టు బ్రాడ్‌వే’ పాట ఈ ఘట్టంలోదే. మామూలుగా ఆ కాలపు నాటకాల్లో పాట వచ్చినప్పుడల్లా కథ పక్కకు తప్పుకొనేది. ఇక్కడ అదే పాట మొదట నిరాశతో, రాకెట్టు తర్వాత ఉత్సాహంతో వినిపించి కథను మలుపు తిప్పుతుంది. ‘ది యాంకీ డూడుల్ బాయ్’ కూడా ఈ నాటకంలోని పాటే.

జానీగా కోహనే నటించాడు. భార్య ఎథెల్ లెవీ నాయిక, తండ్రి జెర్రీ ప్రతినాయకుడు, తల్లికీ ఒక పాత్ర ఉంది. న్యూయార్క్‌లో మొదటి విడత 52 ప్రదర్శనలే. కోహన్ ఊరుకోలేదు. నాటకాన్ని ఊళ్లకు తీసుకెళ్లి, రోజూ ప్రేక్షకుల స్పందన చూస్తూ కత్తిరించి, తిరగరాసి, 1905లో మళ్లీ న్యూయార్క్‌కు తెచ్చి గెలిపించాడు.

1906: రెండు నాటకాలు

1906 జనవరి 1న న్యూ ఆంస్టర్‌డామ్ థియేటర్‌లో ‘ఫార్టీఫైవ్ మినిట్స్ ఫ్రమ్ బ్రాడ్‌వే’ మొదలైంది. నిర్మాతలు క్లా, ఎర్లాంగర్. కోహన్ ఇందులో నటించలేదు. పేరున్న నటి ఫే టెంపుల్టన్ మేరీ అనే పనిమనిషి పాత్రలోనూ, విక్టర్ మూర్ కిడ్ బర్న్స్ అనే నగరపు చిల్లర జూదగాడి పాత్రలోనూ వచ్చారు. న్యూ రోషెల్ అనే శివారు పట్నంలో ఒక ధనవంతుడు చనిపోతాడు. వీలునామా కనిపించదు. అది కిడ్ బర్న్స్ చేతికి చిక్కుతుంది. ఆస్తి అంతా మేరీకేనని అందులో ఉంది. డబ్బున్న అమ్మాయిని పెళ్లాడనని అతను భీష్మించుకుంటే ఆమె ఆ వీలునామాను చింపేస్తుంది. పాటలు తక్కువ, కథ ఎక్కువ ఉన్న నాటకమిది. కోరస్ అమ్మాయిల వరసతో కాకుండా మాటల బలంతో మ్యూజికల్ నడుస్తుందని చూపించింది.

తమ ఊరిని పల్లెటూరి బైతుల నివాసంగా చిత్రించారని న్యూ రోషెల్ పెద్దలు నిరసన తెలిపారు. నాటకానికి దానివల్ల నష్టమేమీ జరగలేదు. ఊరి పేరు దేశమంతా మారుమోగింది.

సరిగ్గా ఆరు వారాలకు, ఫిబ్రవరి 12న హెరాల్డ్ స్క్వేర్ థియేటర్‌లో ‘జార్జ్ వాషింగ్టన్, జూనియర్’ ప్రారంభమైంది. ఇంగ్లండ్ ప్రభువుల సంబంధం కోసం వెంపర్లాడే సెనేటరు తండ్రిని ధిక్కరించి, కొడుకు జార్జ్ వాషింగ్టన్ పేరు పెట్టుకుంటాడు. తండ్రీకొడుకులుగా వేదికపై కనిపించినవాళ్లు నిజంగానే తండ్రీకొడుకులైన జెర్రీ, జార్జ్. ‘యూ ఆర్ ఎ గ్రాండ్ ఓల్డ్ ఫ్లాగ్’ పాట ఇందులోదే. అంతర్యుద్ధంలో పోరాడిన ఒక ముసలి సైనికుడు చిరిగిన జెండాను మడిచి ఒళ్లో పెట్టుకుని, దాన్ని ముద్దుగా పాత గుడ్డపేలిక అనడం విని కోహన్ ఈ పాట రాశాడని చెబుతారు. మొదటి రూపంలో పేలిక అన్న మాటే ఉంది. జాతీయ పతాకాన్ని అలా అంటావా అని అభ్యంతరాలు రాగానే ఆ మాట తీసేసి జెండా అని మార్చాడు. నాటకంలోని పాటల్లో పది లక్షలకు పైగా అచ్చుప్రతులు అమ్ముడైన మొదటిది ఇదేనని సాధారణంగా రాస్తారు. గ్రామఫోన్ ఇంకా ఇంటింటికీ రాని రోజుల్లో పాట ఆదరణను ఇంట్లో పియానో మీద వాయించుకోవడానికి కొనే అచ్చు స్వరప్రతుల సంఖ్యతోనే లెక్కగట్టేవారు.

రచనా పద్ధతి

కోహన్ సంగీత పరిజ్ఞానం పరిమితం. పియానో మీద నాలుగైదు స్వరమేళనాలు తప్ప రావని అతనే చెప్పుకొనేవాడు. బాణీలు ఎక్కువగా కవాతు నడకలో సాగుతాయి. జనానికి అప్పటికే తెలిసిన పాత బాణీల ముక్కలను తన పాటలో అతికించడం అతనికి ఇష్టమైన యుక్తి. ‘యాంకీ డూడుల్ బాయ్’లో ఆ పేరుగల పాత పాట, ‘గ్రాండ్ ఓల్డ్ ఫ్లాగ్’లో స్కాట్లండ్ వీడ్కోలు పాట ‘ఆల్డ్ లాంగ్ సైన్’ తొంగి చూస్తాయి. కొత్త పాట మొదటిసారి వింటూనే ప్రేక్షకుడికి ఎక్కడో విన్నట్టు అనిపించడానికి ఇదే కారణం.

సంభాషణల్లో అతని బలం న్యూయార్క్ వీధి మాట. జాకీలు, జూదగాళ్లు, వార్తాహరులు, నాటకాల ఏజెంట్లు ఎలా మాట్లాడతారో అలాగే రాశాడు. మాటకు మాట తగిలేలా పొట్టి వాక్యాలు వాడాడు. దర్శకుడిగా వేగం మీదే దృష్టి పెట్టాడు. ఒక నటుడి మాట పూర్తయ్యేలోగా రెండోవాడు అందుకోవాలి, పాట ముగిసిన క్షణంలో తర్వాతి ఘట్టం మొదలవ్వాలి.

అతని నృత్యమూ ఇలాంటిదే. నిటారుగా బిగబట్టిన కాళ్లు, ముందుకు వాలిన ఒళ్లు, కంటి మీదకు వంచిన టోపీ, చేతిలో బెత్తం. పాడేటప్పుడు గొంతు కన్నా ముక్కూ మూతి ఒక పక్కా ఎక్కువ పనిచేసేవి. అతన్ని గొప్ప గాయకుడని ఎవరూ అనలేదు. రాసే కలం, ఆడే కాలు ఒకే మనిషివి కావడంతో ఏ పదం దగ్గర అడుగు పడాలో ఇంకొకరికి వివరించే పని తప్పింది.

విమర్శకులు రెండుగా చీలారు. దేశభక్తిని చవకగా అమ్ముకుంటున్నాడనీ, జెండా ఊపితే చప్పట్లు వస్తాయని అతనికి తెలుసనీ కొందరు ఎద్దేవా చేశారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఇంగ్లిష్ దొరల కథలకు అలవాటుపడిన వేదిక మీద ఐరిష్ వలస కుటుంబంలో పుట్టినవాడు నేనూ ఈ దేశం వాడినే అని గట్టిగా అరవడంలో మరో అర్థం కూడా ఉంది. వలసవచ్చినవాళ్లతో నిండిన నగరంలో ఆ అరుపుకు వినేవాళ్లు దొరికారు.

కోహన్–హ్యారిస్ సంస్థ, పాటల్లేని నాటకాలు

1904 నుంచి 1920 వరకు కోహన్, హ్యారిస్ కలిసి బ్రాడ్‌వేలో బలమైన నిర్మాణ సంస్థను నడిపారు. ‘ది టాక్ ఆఫ్ న్యూయార్క్’ (1907), ‘ది యాంకీ ప్రిన్స్’ (1908), ‘ది లిటిల్ మిలియనీర్’ (1911) వంటి మ్యూజికల్స్ వరసగా వచ్చాయి. ‘ఫిఫ్టీ మైల్స్ ఫ్రమ్ బోస్టన్’లోని ‘హ్యారిగన్’ పాట ముందుతరం హాస్య నాటకకర్త ఎడ్వర్డ్ హ్యారిగన్‌కు చేసిన నమస్కారం (చూడండి: మ్యూజికల్ కామెడీ, పూర్వరంగం). 1911లో టైమ్స్ స్క్వేర్‌లో ‘జార్జ్ ఎం. కోహన్ థియేటర్’ తెరుచుకుంది. లోపలి గోడల మీద ఫోర్ కోహన్స్ ప్రస్థానాన్ని బొమ్మలుగా వేయించారు.

పాటల్లేని నాటకంలో మొదటి ప్రయత్నం ‘పాపులారిటీ’ (1906) దెబ్బతింది. వదిలేయకుండా దానికే పాటలు చేర్చి 1909లో ‘ది మ్యాన్ హూ ఓన్స్ బ్రాడ్‌వే’గా ఆడించాడు. జార్జ్ రాండాల్ఫ్ చెస్టర్ కథల ఆధారంగా రాసిన ‘గెట్ రిచ్ క్విక్ వాలింగ్‌ఫర్డ్’ (1910) నాలుగు వందలకు పైగా ప్రదర్శనలు ఆడింది. మోసగాళ్లు స్థాపించిన బూటకపు కంపెనీ నిజంగానే లాభాల్లోకి వెళ్లిపోవడం అందులోని తమాషా.

వీటన్నిటిలో ఎక్కువ కాలం నిలిచింది ‘సెవెన్ కీస్ టు బాల్డ్‌పేట్’ (1913). ఎర్ల్ డెర్ బిగర్స్ నవల దీనికి మూలం. చలికాలంలో మూతపడిన కొండమీది హోటల్లో కూర్చుని 24 గంటల్లో నవల రాస్తానని ఒక రచయిత పందెం కడతాడు. ఆ హోటలుకు ఒకే తాళంచెవి ఉందని అతని నమ్మకం. కానీ రాత్రంతా ఒకరి తర్వాత ఒకరు తమ తాళంచెవులతో వస్తూనే ఉంటారు. అంతా అయ్యాక మనం చూసిందంతా అతను రాసిన నవలేనని తేలుతుంది. ఈ చివరి మెలిక కోహన్ చేర్చిందే. ఈ కథను అనేకసార్లు సినిమాగా తీశారు. 1917 మూకీ చిత్రంలో కోహనే కథానాయకుడు.

ఆ రోజుల్లోనే ఇంటి బలగం తరిగిపోయింది. 1912లో ‘బ్రాడ్‌వే జోన్స్’లో కొడుకుతో కలిసి నటించిన తర్వాత తల్లిదండ్రులు రంగస్థలం నుంచి విరమించుకున్నారు. 1916లో జోసీ, 1917లో జెర్రీ మరణించారు.

ఓవర్ దేర్ (1917)

అమెరికా 1917 ఏప్రిల్ 6న జర్మనీపై యుద్ధం ప్రకటించింది. ఆ వెంటనే కోహన్ ‘ఓవర్ దేర్’ రాశాడు. రైల్లో రాశాడని కొందరు, ఇంట్లో రాశాడని కొందరు చెబుతారు. సైనిక బూరా మోతలోని మూడు స్వరాలే ఆ పాట పల్లవికి ప్రాణం. ఎవరైనా ఒక్కసారి విని పాడగలిగేంత సరళమైనది. గాయని నోరా బేస్ దాన్ని జనంలోకి తీసుకెళ్లింది. ఆపెరా గాయకుడు ఎన్రికో కరూసో కూడా రికార్డు చేశాడు. ప్రచురణకర్త లియో ఫైస్ట్ హక్కులకు 25,000 డాలర్లు చెల్లించాడు. యుద్ధం ముగిసేలోగా 20 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

ఈ పాటకూ ‘గ్రాండ్ ఓల్డ్ ఫ్లాగ్’కూ గుర్తింపుగా కోహన్‌కు బంగారు పతకం ఇవ్వాలని అమెరికన్ కాంగ్రెస్ 1936లో చట్టం చేసింది. కళారంగం నుంచి ఆ గౌరవం పొందిన మొదటి వ్యక్తి అతను. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చేతుల మీదుగా ఆ పతకం అందుకోవడానికి మాత్రం 1940 దాకా వెళ్లలేదు. రూజ్‌వెల్ట్ రాజకీయాలు అతనికి గిట్టవన్నది అప్పట్లో అందరికీ తెలిసిన సంగతే.

1919 నటుల సమ్మె

అప్పటి నటుల పని పరిస్థితులు తెలిస్తేనే ఈ ఘట్టం అర్థమవుతుంది. వారాల తరబడి సాగే రిహార్సళ్లకు జీతం లేదు. అదనపు ప్రదర్శనలకు అదనపు డబ్బు లేదు. నాటకం రెండు రోజుల్లో ఆగిపోతే అంతే సంగతులు. కోరస్ అమ్మాయిలు మేజోళ్లు, బూట్లు చాలాచోట్ల సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వచ్చేది. 1913లో ఏర్పడిన యాక్టర్స్ ఈక్విటీ అసోసియేషన్ ప్రామాణిక ఒప్పందం కోరింది. నిర్మాతలు ఆ సంఘాన్ని గుర్తించకపోవడంతో 1919 ఆగస్టు 7న నటులు వేదికలు విడిచి బయటికి నడిచారు.

కోహన్ నటుడూ అవును, నిర్మాతా అవును. అతను నిర్మాతల పక్షం నిలిచాడు. తన నటులకు తాను ఎప్పుడూ న్యాయమే చేశాననీ, కష్టంలో ఉన్నవాళ్లను అడక్కుండానే ఆదుకున్నాననీ, మధ్యలో సంఘం ఎందుకనీ అతని వాదన. అతను చాలామందికి గుట్టుగా సాయం చేసిన మాట నిజమే. సమ్మె చేసినవాళ్లలోనూ అతని సొమ్ముతో నిలదొక్కుకున్నవాళ్లు ఉన్నారు. అయితే వాళ్లు అడిగింది ఔదార్యం కాదు, రాతపూర్వకమైన హక్కు. తల్లి, తండ్రి, అక్క, తను కలిసి ఒక సంస్థగా బతికినవాడికి, నాటక బృందాన్ని కుటుంబంగా, యజమానిని ఇంటిపెద్దగా చూసినవాడికి ఆ తేడా అంతుపట్టలేదు.

ఈక్విటీకి పోటీగా ‘యాక్టర్స్ ఫిడెలిటీ లీగ్’ ఏర్పాటు కావడంలో అతను ముందున్నాడు. సమ్మెదారులు ఆ పేరును కుదించి, కుక్కకు పెట్టే పేరైన ‘ఫైడో’గా మార్చి వెక్కిరించారు. సంగీత వాద్యకారులు, రంగస్థల కార్మికుల సంఘాలు నటులకు తోడు రావడంతో నెల తిరిగేసరికి, సెప్టెంబరు 6న నిర్మాతలు దిగివచ్చారు.

కోహన్ రాజీపడలేదు. నటుల క్లబ్బులైన లాంబ్స్, ఫ్రయర్స్‌ల నుంచి తప్పుకున్నాడు. 1920లో హ్యారిస్‌తో భాగస్వామ్యాన్ని రద్దు చేసుకున్నాడు. ఇద్దరి స్నేహం మాత్రం చెడలేదు. జీవితాంతం ఈక్విటీలో చేరలేదు. తర్వాత అతను వేదికెక్కిన సందర్భాల్లో ఆ సంఘమే మినహాయింపు ఇచ్చింది.

తరువాతి కాలం

1920లలో కోహన్ పని ఆపలేదు. ‘లిటిల్ నెల్లీ కెల్లీ’ (1922) 276 ప్రదర్శనలతో అతని మ్యూజికల్స్‌లో పెద్ద విజయాల్లో ఒకటైంది. ‘ది టావర్న్’ (1920) మరో రకం సంగతి. కోరా డిక్ గాంట్ అనే రచయిత్రి గంభీరంగా రాసిన నాటకాన్ని తీసుకుని, ఉరుములు, మెరుపులు, రహస్య బాటసారి ఉన్న పాతకాలపు మెలోడ్రామాకు వెక్కిరింతగా మార్చేశాడు. 1925లో ‘ట్వంటీ ఇయర్స్ ఆన్ బ్రాడ్‌వే’ పేరుతో ఆత్మకథ వెలువరించాడు. అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని స్పెన్సర్ ట్రేసీని తన నాటకాల్లోకి తీసుకుని ప్రోత్సహించాడు.

కానీ చుట్టూ మ్యూజికల్ కామెడీ మారిపోతోంది. జెరోమ్ కెర్న్, గై బోల్టన్, పి.జి. వుడ్‌హౌస్ ముగ్గురూ ప్రిన్సెస్ థియేటర్ నాటకాల్లో కథకూ పాటకూ ఇంకా నునుపైన అతుకు వేశారు. జాజ్ వచ్చింది. గెర్ష్విన్ సోదరులు, రోజర్స్–హార్ట్ జంట కొత్త తరానికి పాడుతున్నారు. 1927లో ‘షో బోట్’ వచ్చింది. అదే ఏడాది కోహన్ నాటకం ‘ది మెర్రీ మలోన్స్’. రెండింటి మధ్య ఒక తరం దూరం కనిపిస్తుంది. 1928 నాటి ‘బిల్లీ’ అతని చివరి మ్యూజికల్. అది కూడా పాత ‘బ్రాడ్‌వే జోన్స్’కు పాటలు తొడిగినదే.

ఇతరుల రచనల్లో నటన

ఈ దశలోనే అనుకోని కీర్తి వచ్చింది. యూజీన్ ఓనీల్ రాసిన హాస్య నాటకం ‘ఆ, విల్డర్‌నెస్!’ 1933 అక్టోబరు 2న గిల్డ్ థియేటర్‌లో ప్రారంభమైంది. చిన్న పట్నంలో పత్రిక నడిపే తండ్రి నాట్ మిల్లర్ పాత్ర కోహన్‌ది. బెత్తం, టోపీ, గంతులు ఏవీ లేకుండా, వినడంతోనే సగం నటన చేశాడని సమీక్షకులు మెచ్చుకున్నారు. నాటకం 289 ప్రదర్శనలు ఆడింది.

1937లో ‘ఐ’డ్ రాదర్ బి రైట్’లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పాత్రే వేశాడు. పదవిలో ఉన్న అధ్యక్షుడు ప్రధాన పాత్రగా వచ్చిన మ్యూజికల్ అది. రచన జార్జ్ ఎస్. కాఫ్‌మన్, మాస్ హార్ట్‌లది, పాటలు రోజర్స్–హార్ట్ జంటవి (ఈ హార్ట్ వేరు). నిర్మాత పాత భాగస్వామి హ్యారిస్. 1932లో ‘ది ఫాంటమ్ ప్రెసిడెంట్’ సినిమాలో రోజర్స్, హార్ట్‌ల పాటలే పాడాల్సి వచ్చినప్పటి నుంచి వాళ్లంటే అతనికి మంట. ఇప్పుడు రిహార్సళ్లలో వాళ్లను పాతకాలపు ఆపెరెట్టా జంట గిల్బర్ట్, సలివన్ పేర్లతో దెప్పిపొడిచాడు. బోస్టన్ ప్రదర్శనలో పాట మాటలు తనకు తోచినట్టు మార్చి పాడాడు. ఒకరి మాటలకు, ఒకరి బాణీకి, ఒకరి దర్శకత్వానికి ఒదగడం ముప్పయ్యేళ్లు అన్నీ తానే అయినవాడికి ఎంత కష్టమో ఈ గొడవలే చెబుతాయి. అయినా నాటకం 290 ప్రదర్శనలు ఆడింది, అతని నటనకు ప్రశంసలు దక్కాయి. 1940లో రాసి నటించిన ‘ది రిటర్న్ ఆఫ్ ది వాగబాండ్’ వారం దాటలేదు.

సినిమా, వాస్తవం

1942 మే 29న న్యూయార్క్‌లో విడుదలైన ‘యాంకీ డూడుల్ డాండీ’ కోహన్ జీవితంపై వచ్చిన వార్నర్ బ్రదర్స్ చిత్రం. దర్శకుడు మైకేల్ కర్టిజ్. కోహన్‌గా నటించిన జేమ్స్ క్యాగ్నీకి ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. జోసీ పాత్ర వేసింది క్యాగ్నీ సొంత చెల్లెలు జీన్. ఈ రోజు కోహన్ గురించి జనానికి తెలిసినదంతా దాదాపు ఈ సినిమా నుంచే. కాబట్టి అందులో ఏది నిజం కాదో చెప్పడం అవసరం.

సినిమాలో కోహన్ జూలై 4నే పుడతాడు. ఎథెల్ లెవీ గానీ, ఆగ్నెస్ గానీ ఉండరు. ఇద్దరి స్థానంలో మేరీ అనే ఒకే కల్పిత భార్య ఉంటుంది. 1919 సమ్మె ఊసే లేదు. పతకం అందుకునే ఘట్టం ‘ఐ’డ్ రాదర్ బి రైట్’ ఆడుతున్న రోజుల్లోకి జరిగింది. ఈ మార్పుల్లో కొన్ని కోహన్ కోరిక మేరకే జరిగాయి. తన కుటుంబ వ్యవహారాలు తెరకెక్కడం అతనికి ఇష్టం లేదు.

అప్పటికే క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగింది. 1942 నవంబరు 5న కోహన్ న్యూయార్క్‌లోని తన ఇంట్లో మరణించాడు. సెయింట్ పాట్రిక్స్ కెథడ్రల్‌లో అంత్యక్రియల ప్రార్థన జరిగింది. ఆర్గన్ మీద ‘ఓవర్ దేర్’ వినిపించారు. బ్రాంక్స్‌లోని వుడ్‌లాన్ శ్మశానంలో కుటుంబ సమాధిలో ఖననం చేశారు.

ప్రాముఖ్యం, పునఃప్రదర్శనలు

మ్యూజికల్ చరిత్రలో కోహన్ స్థానం గురించి రెండు విషయాల్లో ఏకాభిప్రాయం ఉంది. ఒకటి, ఆపెరెట్టా పరదేశాల నుంచి కథను అమెరికన్ ఓడరేవుకు, శివారు పట్నానికి, గుర్రప్పందేల లోకానికి దించాడు. రెండు, కథకుడే దర్శకుడై ప్రదర్శన మొత్తానికి ఒకే నడక ఇవ్వడం అతనితో బలపడింది. పాత్రల లోతు, సంగీతపు వైవిధ్యం విషయంలో మాత్రం కెర్న్, గెర్ష్విన్‌లతో అతను సాటిరాడు. రాసిన పాటలు మూడు వందలకు పైనే అయినా ఇప్పటికీ పాడేవి పట్టుమని పది ఉండవు.

1959లో టైమ్స్ స్క్వేర్‌లోని డఫీ స్క్వేర్‌లో జార్జ్ లోబర్ చెక్కిన అతని కంచు విగ్రహం వెలసింది. ఆ ప్రయత్నానికి ముందుండి నడిచినవాడు ‘షో బోట్’ మాటల రచయిత ఆస్కార్ హామర్‌స్టైన్. 1968లో జోయెల్ గ్రే ప్రధాన పాత్రలో ‘జార్జ్ ఎం!’ అనే జీవితకథా మ్యూజికల్ ఏడాదికి పైగా ఆడింది. 1978లో శతజయంతికి 15 సెంట్ల తపాలా బిళ్ల వచ్చింది.

అతని సొంత నాటకాలు మాత్రం తిరిగి వేదికెక్కడం అరుదు. 1982లో డానీ ఆస్మండ్ కథానాయకుడిగా ‘లిటిల్ జానీ జోన్స్’ బ్రాడ్‌వేకు వచ్చి ఒక్క రాత్రితో మూతపడింది. కథ వయసు ఒక అడ్డంకి. అంతకన్నా పెద్ద అడ్డంకి కొన్ని పాత్రల చిత్రణ. ఆ నాటకం మూడో అంకంలో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ అంటే జూదశాలలు, అపహరణలు తప్ప మరేమీ కాదు. 1908లో కోహన్, హ్యారిస్ నడిపిన మిన్‌స్ట్రెల్ బృందం ముఖాలకు నల్లరంగు పూసుకుని ఆడే ప్రదర్శనలే ఇచ్చింది. అవి ఆ కాలపు అలవాట్లే అయినా ఈనాటి ప్రేక్షకుల ముందు అలాగే పెట్టడానికి ఎవరూ సాహసించరు. 1904 నుంచి 1917 వరకు ప్రచురితమైన అతని పాటలపై అమెరికాలో ఇప్పుడు కాపీరైటు లేదు కాబట్టి, కళాశాలలు, చిన్న నాటక బృందాలు పాటలను అలాగే ఉంచి, చుట్టూ ఉన్న సన్నివేశాలను తిరగరాసుకుని ఆడుకునే వీలుంది.